నక్క పేరు మారిపోయిన కథ

ప్రశ్న: సార్, మా అబ్బాయి తొమ్మిదైనా లేవకపోతే కుంభకర్ణుడు అంటాం, పుల్లలు పెట్టే పక్కింటామెను నారదుడు అంటాం. ఫ్రెంచి వాళ్లకూ ఇట్లా కథల్లోని పేర్లు మామూలు మాటలైపోయాయా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: బోలెడున్నాయమ్మా. అన్నిట్లోకీ గమ్మత్తైనది నక్క. పాత ఫ్రెంచిలో నక్కను గూపీ అనేవాళ్లు. 12వ శతాబ్దంలో మొదలైన జంతువుల కథల్లో రెనార్ అనే జిత్తులమారి నక్క ఒకటి తోడేలును మళ్లీ మళ్లీ బోల్తా కొట్టిస్తుంటుంది, ఆ కథలు జనానికి ఎంత నచ్చాయంటే మెల్లగా అసలు మాట మూలకుపోయి నక్క అంటేనే రెనార్ అయిపోయింది. మన కుంభకర్ణుడికి కూడా అంత అదృష్టం పట్టలేదు, నిద్ర అనే మాట ఇంకా బతికే ఉంది కదా!

పిసినారిని ఆర్పగాన్ అంటారు, ఫ్రెంచి నాటకకర్త మొలియేర్ 1668 నాటి నాటకంలోని ముసలాయన పేరది. రచయిత విక్టర్ హ్యూగో 1862 నవలలోని వీధిపిల్లాడు గవ్రోష్ పేరు కూడా అట్లాగే వీధిపిల్లలకు మామూలు మాటైపోయింది.

నాకు బాగా నచ్చింది సోజీ. అచ్చం మనలాగే ఉండే మనిషిని అలా అంటారు. పాత రోమన్ నాటకంలో సోజీ ఒక పనివాడు, మెర్క్యురీ దేవుడు వాడి రూపమే వేసుకుని గుమ్మంలో నిలబడి వాణ్నే లోపలికి రానివ్వడు. దాన్ని మొలియేర్ మళ్లీ రాశాడు, పేరు నిలిచిపోయింది. మొన్న కడప ఏడురోడ్ల దగ్గర ఉగ్గాని తింటుంటే ఎవరో వచ్చి "మామా, ఎప్పుడొచ్చినావు?" అని భుజం తట్టాడు. నాకూ ఈ ఊళ్లో ఒక సోజీ ఉన్నట్టున్నాడు.