రివెట్ల చుట్టూ తెల్ల పొడి: విమాన లోహాలపై మీ ప్రశ్నలు

ప్రశ్న: మా శిక్షణ సంస్థలో వానాకాలమంతా ఆరుబయటే నిలిచిన పాత విమానం ఉంది. దాని రెక్క మీద రేకులు బిగించే రివెట్ల వరస వెంట రంగు ఉబ్బింది. గీకితే తెల్ల పొడి రాలుతోంది. ఎమెరీ కాగితంతో రుద్ది రంగు వేసేస్తే చాలదా?
– విమాన నిర్వహణ ఇంజినీరింగ్ (ఏఎంఈ) విద్యార్థి, బరంపురం

జవాబు: చాలదు. ఆ తెల్ల పొడి అల్యూమినియం తుప్పే. ఎమెరీ అసలు పనికిరాదు. అందులోని ఇనుప ఆక్సైడు అల్యూమినియంలో దిగబడి, తడి తగిలిన ప్రతిసారీ కొత్త తుప్పుకు బీజం వేస్తుంది. ఇనుప బ్రష్షు, స్టీల్ ఊల్ కూడా అంతే. రంగుల కొట్లో దొరికే నల్ల వాటర్ పేపరు సిలికాన్ కార్బైడు. దాని పదునైన రేణువులు లోహంలోనే ఇరుక్కుపోతాయి. అల్యూమినియం ఆక్సైడు కాగితం గానీ, నైలాన్ పీచు ప్యాడు గానీ వాడండి.

రేకు సంగతి తెలిస్తే ఇంత జాగ్రత్త ఎందుకో అర్థమవుతుంది. విమానం రేకులకు ఎక్కువగా వాడే ‘2024’ అనే అల్యూమినియం మిశ్రమంలో రాగి 4 శాతం పైనే. బలం దాని వల్లే వస్తుంది, తుప్పు బెడదా దాని వల్లే. అందుకే పలుచని రేకుకు రెండు వైపులా శుద్ధ అల్యూమినియం పొర అతికిస్తారు. ఒక్కో వైపు పొర మొత్తం మందంలో 5 శాతం ఉంటుంది. 0.8 మి.మీ. రేకు మీద అది 0.04 మి.మీ. మాత్రమే. నాలుగు సార్లు గట్టిగా రుద్దితే ఆ కవచం పోయినట్టే.

ముందు ఆ చోటు కడిగి, ఆరబెట్టి, ఉబ్బిన రంగును రెండు మూడు అంగుళాల మేర తీసేయండి. 10 రెట్ల భూతద్దంతో చూడండి. సూది మొనంత గుంటలు కనిపిస్తే పిట్టింగ్. లోహం ఆకుల్లా పొరలు పొరలుగా లేస్తుంటే ఎక్స్‌ఫోలియేషన్. అది లోహపు రేణువుల అంచుల వెంట లోపలికి పాకుతుంది, పైన కనిపించే దానికన్నా లోపల ఎక్కువ తింటుంది. రివెట్ల మధ్య రేకు దిండులా ఉబ్బితే రెండు రేకులు కలిసే అతుకు లోపల తుప్పు పేరుకుందన్నమాట. దాన్ని పైనుంచి బాగుచేయడం కుదరదు. అద్దం, టార్చి పట్టుకుని లోపలి వైపు తప్పక చూడండి. 1988 ఏప్రిల్ 28న హవాయి మీదుగా ఎగురుతున్న అలోహా ఎయిర్‌లైన్స్ 737 పైకప్పు ముందు భాగం లేచిపోయి, ఒక ఎయిర్‌హోస్టెస్ ప్రాణం పోయింది. రేకుల అతుకుల్లో జిగురు విడిపోవడం, తుప్పు, లోహపు అలసట (పదే పదే ఒత్తిడి పడి లోహం బలహీనపడటం), మూడూ అక్కడ కలిశాయి. రివెట్ వెనక నల్లటి చార కనిపిస్తే మాత్రం రివెట్ వదులై ఒరుసుకుంటోందని అర్థం. దాని చికిత్స వేరు.

గుంటలు పైపైన ఉంటే తుప్పు ఆనవాలు పూర్తిగా పోయేదాకా తీసి, ఆపైన ఇంకో 0.05 మి.మీ. తీయాలి. గుంట నిటారుగా మిగలకూడదు. లోతుకు 20 రెట్ల పొడవున, పళ్ళెంలా వాలుగా నునుపు చేసి, 400 నంబరు కాగితంతో ముగించండి. తర్వాత మిగిలిన మందం కొలిచి, తయారీదారు స్ట్రక్చరల్ రిపేర్ మాన్యువల్ హద్దుతో పోల్చాలి. పలుచని రేకు ఈ దశలోనే హద్దు దాటిపోవచ్చు. దాటితే పైన అతుకు ముక్క వేయాలా, కొత్త రేకు వేయాలా అన్నది లైసెన్సున్న ఇంజినీరు నిర్ణయం.

హద్దులో ఉంటే శుభ్రం చేసి నీళ్ళు పోయండి. నీటి పొర ఎక్కడా విడిపోకుండా పరుచుకోవాలి. చుక్కలుగా విడిపోతే జిడ్డు మిగిలినట్టే. తర్వాత లోహం మీద తుప్పును అడ్డుకునే పొర కట్టే క్రోమేట్ కన్వర్షన్ ద్రావణం పూసి, 2 నుంచి 5 నిమిషాలు తడి ఆరకుండా ఉంచి, మెల్లగా నీళ్ళతో కడగండి. బంగారు రంగు రావాలి. తడి మీద ఆ పొర మెత్తగా ఉంటుంది, గుడ్డతో తుడవకండి. పొడిపొడిగా రాలితే ఎక్కువ సేపు ఉంచారన్నమాట, తీసేసి మళ్ళీ చేయాల్సిందే. ఆరాక ఆలస్యం చేయకుండా ఎపాక్సీ ప్రైమర్ వేయాలి. ఈ ద్రావణంలోని క్రోమియం క్యాన్సర్ కారకం. చేతి తొడుగులు, కళ్ళద్దాలు లేకుండా ముట్టుకోవద్దు. ద్రావణం పీల్చిన గుడ్డలు ఆరితే అంటుకుంటాయి, వెంటనే నీళ్ళలో వేయండి.

ప్రశ్న: ల్యాండింగ్ గేర్ ఉక్కు మీది ఎర్ర తుప్పును యాసిడ్‌తో వదిలించవచ్చా?
– సునాబెడ, కోరాపుట్ జిల్లా

జవాబు: వద్దు. చదరపు అంగుళానికి 2,20,000 పౌండ్లకు పైగా తట్టుకునే గట్టి ఉక్కులోకి యాసిడ్ చర్యలో పుట్టే హైడ్రోజన్ దూరుతుంది. ఆ భాగం పైకి నిగనిగలాడుతూనే, బరువు పడ్డాక ఎప్పుడో ముందస్తు సూచన లేకుండా పగులుతుంది. మాన్యువల్ అనుమతించిన పద్ధతిలో చేత్తోనే తీసి, ఉక్కు వేడెక్కకుండా చూసి, అయస్కాంత కణాల పరీక్షతో పగుళ్ళు వెతకాలి. ఆ భాగానికి కాడ్మియం పూత ఉంటే దాని ధూళి విషం, పొడిగా రుద్దకండి.

ప్రశ్న: మా సిరొంచకు సముద్రం దూరం. ఇలాంటి చోట విమానాలకు ఈ తుప్పు బెడద ఉండదుగా?
– సిరొంచ, గడ్చిరోలి జిల్లా

జవాబు: తక్కువే గానీ ఉంటుంది. పైన ఎగిరేటప్పుడు బయట మైనస్ 50 డిగ్రీల చలి. ప్రయాణికుల ఊపిరిలోని తేమ లోపలి రేకు మీద నీరై అడుగుకు జారుతుంది. అందుకే అడుగున నీరు కారే రంధ్రాలు పూడిపోకుండా చూడటం మొదటి పని. మరుగుదొడ్డి, వంటగది నేల కింద, బ్యాటరీ గది దగ్గర ఎక్కువ తనిఖీ అవసరం. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఒలికితే నూటికి 20 పాళ్ళ వంటసోడా ద్రావణంతో విరిచి, కడగండి. నికెల్ కాడ్మియం బ్యాటరీది క్షారం కాబట్టి దానికి సోడా పనిచేయదు, బోరిక్ యాసిడ్ ద్రావణం కావాలి. విమానాన్ని కడగడానికి అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ సూచన: పొడి ప్రాంతంలో 90 రోజులకోసారి, మధ్యస్థ ప్రాంతంలో 45, సముద్ర తీరంలో 15 రోజులకోసారి.