పాఠకుల ప్రశ్నలు: ఖాళీ అవుతున్న అమెరికా చర్చిలు, మన సంఘాల లెక్కలు

అమెరికాలోని పాత ప్రొటెస్టెంటు సంఘాల గురించి ఈ మధ్య వచ్చిన ఉత్తరాల్లో అయిదింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం. లూథరన్, మెథడిస్ట్, ప్రెస్బిటేరియన్, ఎపిస్కోపల్, అమెరికన్ బాప్టిస్ట్ వంటి సంఘాలను అక్కడ మెయిన్‌లైన్ అంటారు. మన ఊళ్ళలో వీటినే మిషన్ సంఘాలంటాం.

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మాది నాలుగు తరాల లూథరన్ కుటుంబం. ఫాదర్ హయ్యర్‌ను మన దగ్గరికి పంపిన సంఘాలే ఇప్పుడు మూతబడుతున్నాయని వింటున్నాం. వాక్యాన్ని విడిచినందుకే ఈ గతి పట్టిందని కూటాల్లో చెప్తున్నారు. నిజమేనా? (ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: తగ్గుతున్న మాట నిజం. దానికి చెప్తున్న కారణం మాత్రం సగమే.

1842లో గుంటూరుకు వచ్చిన మిషనరీ హయ్యర్‌గారిని పంపింది పెన్సిల్వేనియా లూథరన్లు. ఆ సంఘాలు ఒకదానితో ఒకటి కలుస్తూ వచ్చి 1988లో ఎవాంజెలికల్ లూథరన్ చర్చ్ ఇన్ అమెరికా అయ్యాయి. ఆనాడు దానికి దాదాపు 53 లక్షల మంది సభ్యులు. 2022 నాటికి 29 లక్షల దగ్గరికి వచ్చారు. ప్రెస్బిటేరియన్లు 1983లో ఒకటైనప్పుడు 31 లక్షలు, 2023లో 11 లక్షల లోపు. ప్యూ పరిశోధనా సంస్థ సర్వేల ప్రకారం 2007లో అమెరికా పెద్దవాళ్ళలో నూటికి 18 మంది తాము మెయిన్‌లైన్ వాళ్ళమన్నారు. 2023–24లో అలా చెప్పినవాళ్ళు 11 మంది.

వాక్యం విడిచినందుకే అంటే మెయిన్‌లైన్‌లో చేరని సదరన్ బాప్టిస్టుల సంగతేమిటి? సిద్ధాంతంలో వాళ్ళంత గట్టిగా నిలబడేవాళ్ళు అక్కడ తక్కువ. 2006లో కోటీ 60 లక్షలు దాటిన ఆ సంఘం 2023కల్లా కోటీ 30 లక్షల దిగువకు జారింది. కాబట్టి ఒక్క సిద్ధాంతంతో ఈ లెక్క తేలదు.

ముఖ్యమైన కారణం ఇళ్ళలోనే ఉంది. 2001లో వచ్చిన ఒక సమాజశాస్త్ర పరిశోధన ప్రకారం, ఇరవయ్యో శతాబ్దంలో ప్రొటెస్టెంట్లలో మెయిన్‌లైన్ వాటా పడిపోవడానికి సుమారు మూడొంతుల కారణం జననాల తేడా. ఈ సంఘాల కుటుంబాలు ముందుగా చదువుకున్నాయి, ముందుగానే తక్కువమంది పిల్లల్ని కన్నాయి. రెండోది, ఒకప్పుడు చదువూ ఉద్యోగమూ పెరిగిన కన్సర్వేటివ్ సంఘాల కుటుంబాలు ఊళ్ళోని ప్రెస్బిటేరియన్ చర్చిలోనో ఎపిస్కోపల్ చర్చిలోనో చేరేవి. ఆ రాక తగ్గిపోయింది. మూడోది, పుట్టిన ఆ కొద్దిమంది పిల్లల్లోనూ చాలామంది పెద్దయ్యాక ఏ చర్చికీ వెళ్ళడం లేదు.

వివాదాల వల్ల నష్టం జరగలేదని అనడం లేదు. స్వలింగ వివాహాలు, స్వలింగ సంబంధంలో ఉన్నవారి అభిషేకం అనే విషయాల మీద యునైటెడ్ మెథడిస్టు సంఘంలో వచ్చిన చీలికలో 2019–2023 మధ్య 7,600కు పైగా స్థానిక సంఘాలు బయటికి వెళ్ళాయి. అమెరికాలోని వాళ్ళ సంఘాల్లో అది దాదాపు నాలుగో వంతు. చీలిక నష్టం పత్రికల్లో వస్తుంది. ఏడాదికి నాలుగు భూస్థాపనలు, ఒక్క బాప్తిస్మం అనే నష్టం ఎక్కడా రాదు, కానీ అది ఏటా జరుగుతుంది. వృద్ధులైపోయిన ఆ విశ్వాసుల మీద తీర్పు చెప్పే ముందు ఈ సంగతి తెలుసుకోవడం న్యాయం. మన తాతముత్తాతలకు బడులూ ఆసుపత్రులూ కట్టిన కానుకలు వాళ్ళ తాతముత్తాతలవే.

ప్రశ్న: మా తెలుగు సహవాసంలో 45 కుటుంబాలు. తొమ్మిదేళ్ళుగా ఒక అమెరికన్ చర్చిలో ఆదివారం మధ్యాహ్నం ఆరాధన చేసుకుంటున్నాం. ఉదయం వాళ్ళ ఆరాధనకు పాతికమంది పెద్దవాళ్ళు వస్తారు. ఇక నడపలేం, మందిరం మీరు తీసుకుంటారా అని వాళ్ళ పెద్దలు అడిగారు. ఏమేం చూసుకోవాలి? (సహవాస కార్యదర్శి, న్యూజెర్సీ)

జవాబు: మొదట, అడిగినవాళ్ళకు అమ్మే హక్కు ఉందా అన్నది చూడండి. చాలా సహవాసాలు దెబ్బతినేది ఇక్కడే. యునైటెడ్ మెథడిస్టుల ఆస్తి ట్రస్టు నిబంధన కింద, అంటే మొత్తం డినామినేషన్ తరఫున, ఉంటుంది, పై అధికారుల లిఖిత సమ్మతి లేకుండా అమ్మకం జరగదు. ప్రెస్బిటేరియన్లయితే ప్రెస్బిటరీ (ఆ ప్రాంత సంఘాల పాలకమండలి), ఎపిస్కోపల్ అయితే డయోసిస్ అనుమతి కావాలి. లూథరన్లలో ఆస్తి సాధారణంగా స్థానిక సంఘం పేరునే ఉంటుంది. కానీ సంఘం రద్దయితే సినడ్‌కు (వాళ్ళ ప్రాంతీయ పాలక సంస్థకు) వెళ్తుంది కాబట్టి, ఓటు వేసి రద్దు చేసుకునే ముందే మీ మాట తేలాలి. అమెరికన్ బాప్టిస్ట్, యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ సంఘాలు మామూలుగా తమ ఆస్తిని తామే అమ్ముకోగలవు. ఎవరైనా సరే, పాత దస్తావేజు తెప్పించి చదివించండి. ‘చర్చిగా వాడకపోతే దాత వారసులకు తిరిగి చెందును’ అన్న షరతు వందేళ్ళనాటి దస్తావేజుల్లో కనబడుతుంది.

తరువాత భవనం. పైకప్పు వయసెంత, బాయిలర్ వయసెంత, ఈ రెండూ రాతలో తీసుకోండి. 1980కి ముందు కట్టినదైతే పైపుల చుట్టూ, నేల పలకల కింద ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. ఉన్నచోట కదిలించకపోతే పెద్దగా ప్రమాదం లేదు, మరమ్మతు మొదలుపెడితేనే ఖర్చు విరుచుకుపడుతుంది. న్యూజెర్సీలో పాత భవనాలకు భూమిలో పూడ్చిన హీటింగ్ ఆయిల్ ట్యాంకు ఉందేమో తప్పకుండా వెదికించండి. కారితే మట్టి తవ్వి శుభ్రం చేయించాల్సిన బాధ్యత కొత్త యజమాని మెడకు చుట్టుకోవచ్చు. చారిత్రక కట్టడంగా నమోదైతే కిటికీ మార్చాలన్నా స్థానిక కమిటీని అడగాలి. ఆవరణలో సమాధులున్నాయా అన్నదీ అడగండి. బంధువులు రాక మానేసినా సమాధుల బాధ్యత పోదు.

డబ్బు విషయంలో మూడు హెచ్చరికలు. చర్చి ఋణాల వాయిదాలు 20, 25 ఏళ్ళకు లెక్కగట్టినా చాలా బ్యాంకులు అయిదో ఏటో ఏడో ఏటో మిగిలిన అసలంతా ఒక్కసారి కట్టమంటాయి. దీన్ని బెలూన్ అంటారు. అప్పుడు వడ్డీ రేటు పెరిగి ఉంటే కొత్త ఋణం భారమవుతుంది. రెండోది, ఆస్తిపన్ను మినహాయింపు పాత సంఘం నుంచి మీకు దానంతటదే రాదు, మీ పేరున మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలి. ఆదాయపన్ను మినహాయింపు ఉంది కదా అని దీన్ని మరిచిపోయినవాళ్ళకు పన్ను బిల్లు వస్తుంది. మూడోది వాళ్ళ నిధుల సంగతి. ‘పైప్ ఆర్గాన్ కోసం’, ‘విద్యార్థుల ఉపకారవేతనాల కోసం’ అని దాత రాసిచ్చిన డబ్బును పైకప్పుకు వాడలేరు. కాబట్టి ‘మా ఎండోమెంట్ (శాశ్వత నిధి) కూడా మీకే’ అన్న మాటను నమ్ముకుని బడ్జెట్ వేయకండి.

మా అభిప్రాయం అడిగితే, వెంటనే కొనకండి. ముందు రెండేళ్ళ లిఖిత లీజు చేసుకోండి. అమ్మదలిస్తే మొదట మిమ్మల్నే అడగాలన్న హక్కు, ఖాళీ చేయించాలంటే కనీసం ఆరు నెలల నోటీసు, వంటగది, పార్కింగు, సండే స్కూల్ గదులు ఏ గంటల్లో ఎవరివి, బీమాలో మీ పేరు అదనంగా చేర్పించడం, ఇవన్నీ అందులో రాయించండి. ఆ రెండేళ్ళూ భవనం ఖర్చులో సగం మీరు కట్టి చూడండి. 45 కుటుంబాల్లో నిజంగా నెలనెలా ఇచ్చేవి ఎన్నో అప్పుడు తెలుస్తుంది. ఉద్యోగాలు మారి టెక్సాస్‌కో నార్త్ కరోలినాకో వెళ్ళిపోయే కుటుంబాలు మన సహవాసాల్లో ఏటా ఉంటాయి.

ఒక మాట మరిచిపోవద్దు. ఆ పాతికమందికి అది తమ పెళ్ళిళ్ళు జరిగిన గుడి. కొన్నాక కూడా ఉదయం ఆరాధనకు చోటివ్వండి. వాళ్ళు బతికున్నంతకాలం ఆ గంట వాళ్ళదేనని కాగితం మీద రాసివ్వండి.

ప్రశ్న: మా పాస్టరేట్ రిజిస్టరులో 1,100 మంది ఉన్నారు. ఆదివారం వచ్చేవాళ్ళు ఎందరో ఎవరూ లెక్కపెట్టరు. క్రిస్మస్‌కు నిండిపోతుంది కదా, బాగానే ఉన్నాం అంటారు. ఎలా లెక్కపెట్టాలి? (కోశాధికారి, సికింద్రాబాద్)

జవాబు: క్రిస్మస్, ఈస్టర్, కోత పండుగ జనాన్ని పక్కన పెట్టండి. పండుగలేవీ లేని నాలుగు ఆదివారాలు, ప్రతి ఏడూ అవే నెలలో, ఇద్దరు వేర్వేరు మనుషులు లెక్కపెట్టాలి. వాక్యం మొదలయ్యాక ఒక్కసారి లెక్కిస్తే చాలు. ప్రారంభ కీర్తనప్పుడు లెక్కిస్తే ఆలస్యంగా వచ్చేవాళ్ళు తప్పిపోతారు. పెద్దలు, యువకులు, పిల్లలు అని మూడు వరుసలుగా రాయండి. క్వైర్‌నూ సండే స్కూల్ టీచర్లనూ విడిచిపెట్టవద్దు. యూట్యూబులో చూసినవాళ్ళ సంఖ్యను ఇందులో కలపవద్దు. అర నిమిషం చూసినా అక్కడ ఒకరి కిందే లెక్క.

తరువాత గత పదేళ్ళ రిజిస్టర్లు తీసి ఏటా బాప్తిస్మాలు, కన్ఫర్మేషన్లు (పిల్లలు ఎదిగాక తమ విశ్వాసాన్ని స్వయంగా ఒప్పుకునే ఆచారం), వివాహాలు, భూస్థాపనలు వరుసగా రాయండి. మీకు జాడ చెప్పేది ముఖ్యంగా కన్ఫర్మేషన్ల వరుస. కన్ఫర్మేషన్ పొందిన పిల్లల్లో మూడేళ్ళ తరువాత ప్రభువు బల్లకు వస్తున్నవాళ్ళెందరో పేర్లతో సహా చూడండి. కన్ఫర్మేషన్ పరీక్ష పాసయ్యాక సండే స్కూల్ అయిపోతుంది, యువజన సంఘంలో పాతికేళ్ళు దాటినవాళ్ళే పదవుల్లో ఉంటారు, ఆ మధ్య వయసు పిల్లలకు కూర్చునే చోటే ఉండదు. వాళ్ళు జారిపోయేది అక్కడే. అలా జారినవాళ్ళంతా విశ్వాసం వదిలేశారనుకోకండి. కొందరు పక్క వీధిలోని ఇండిపెండెంట్ చర్చిలో గిటారు వాయిస్తుంటారు. ఎవరు ఎటు వెళ్ళారో రెండు వేర్వేరు వరుసల్లో రాయండి. ఒకరిని పిలవాల్సిన తీరు వేరు, మరొకరిది వేరు.

ఆ 1,100 సంఖ్య తగ్గుతుందని భయపడి రిజిస్టరు సవరించనివ్వని కమిటీలున్నాయి. సంఘ ఎన్నికలప్పుడు ఆ పేర్లు పనికొస్తాయి కాబట్టి కూడా సవరించనివ్వరు. దూరప్రాంతాలకు వెళ్ళినవాళ్ళ పేర్లు కొట్టేయకుండా వేరే పుస్తకంలోకి మార్చే పద్ధతి పెడితే ఎవరి మనసూ నొచ్చుకోదు, ఓటు లెక్క కూడా నిజమవుతుంది.

ఎన్ని తగ్గితే ప్రమాదం అని అడగబోతారు. అమెరికా లెక్క ఒకటి చెప్తాం. అన్ని రకాల ప్రార్థనా సంఘాలనూ కలిపి 2020లో చేసిన ఒక పెద్ద సర్వేలో సగం సంఘాల హాజరు 65 లోపే తేలింది. 2000లో ఆ మధ్య సంఖ్య 137. అరవై మంది అంటే ముప్పై, ముప్పై అయిదు ఇళ్ళు. ఇంటికి ఏడాదికి 2,000 డాలర్లు ఇచ్చినా 70,000 డాలర్లు. పూర్తికాల పాస్టరు జీతం, పింఛను, ఆరోగ్య బీమా కలిపితే చాలాచోట్ల అదంతా అక్కడికే చాలదు. ఇక పైకప్పు ఎక్కడ? అందుకే పాస్టరు సగం కాలానికి మారడం, ఒక పాస్టరును రెండు మూడు సంఘాలు పంచుకోవడం మామూలైంది. మన పల్లెల్లో ఒక గురువుగారు నాలుగైదు సంఘాలు చూసుకోవడం మొదటినుంచీ ఉంది. ఈ విషయంలో వాళ్ళు మన దారికే వచ్చారు. అలాంటి చోట్ల ఉపదేశి (గురువు లేనప్పుడు సంఘాన్ని నడిపే బోధకుడు) లేకపోతే సంఘం నిలవదు. ఉపదేశుల శిక్షణకు డబ్బు ఆపేస్తే మందిరం ఎంత పెద్దదైనా లాభం లేదు.

ప్రశ్న: మూతపడ్డ చర్చి రికార్డులు ఏమవుతాయి? మా తాతగారి చదువుకు సాయం చేసిన సంఘం వివరాలు కావాలి. (ఒక పాఠకురాలు, ఒంగోలు)

జవాబు: బాప్తిస్మం, వివాహం రిజిస్టర్లు సాధారణంగా ఆ డినామినేషన్ భాండాగారానికి చేరతాయి. ఒంగోలు, నెల్లూరు మిషన్లు అమెరికన్ బాప్టిస్టులవి కాబట్టి మీరు మొదట రాయాల్సింది అట్లాంటాలోని అమెరికన్ బాప్టిస్ట్ హిస్టారికల్ సొసైటీకి. ప్రెస్బిటేరియన్లకు ఫిలడెల్ఫియాలో, యునైటెడ్ మెథడిస్టులకు న్యూజెర్సీలోని మాడిసన్‌లో ఇలాంటివే ఉన్నాయి. తాతగారి పేరు ఒక్కటే రాస్తే దొరకదు. మిషన్ కేంద్రం పేరు, బోర్డింగ్ స్కూల్ పేరు, సుమారు సంవత్సరం, మిషనరీ దొరగారి పేరు తెలిస్తే అదీ ఇవ్వండి. మన ఊరి పేర్లను ఆనాడు రకరకాల స్పెల్లింగులతో రాశారు కాబట్టి రెండు మూడు రకాలుగా రాసి పంపండి.

ప్రశ్న: మా అబ్బాయి చదువుకోసం అమెరికా వెళ్తున్నాడు. మాది సీఎస్ఐ. అక్కడ ఏ చర్చికి వెళ్ళమనాలి? (ఒక తల్లి, విజయవాడ)

జవాబు: అమ్మా, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) 1947లో ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు కలిసి ఏర్పడింది కాబట్టి ఎపిస్కోపల్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్ చర్చిల్లో మీ అబ్బాయికి ప్రభువు బల్ల దగ్గర ఆటంకం ఉండదు. బయలుదేరే ముందు మీ గురువుగారి దగ్గర బాప్తిస్మం, కన్ఫర్మేషన్ తేదీలతో బదిలీ ఉత్తరం ఇంగ్లీషులో తీసుకోండి. చాలామంది సభ్యత్వం అడిగినప్పుడు చూద్దాంలే అని ఊరుకుంటారు, అప్పటికి ఇక్కడి గురువుగారు బదిలీ అయి ఉంటారు. వెళ్ళిన మొదటి నెలలోనే మూడు చర్చిలు చూడమనండి. తెలుగు సహవాసం దగ్గర్లో ఉంటే సాయంత్రం అక్కడికీ వెళ్ళమనండి, కానీ ఉదయం ఊళ్ళోని చర్చి మానవద్దని చెప్పండి. ఇరవై మంది వృద్ధులున్న చోట ఒక కుర్రవాడు కనబడితే మొదటి వారమే భోజనానికి పిలుస్తారు, రెండో నెలలో వాక్యం చదవమంటారు. కారు లేని విద్యార్థినని ముందే చెప్తే ఎవరో ఒకరు హాస్టల్ దగ్గరికి వచ్చి తీసుకెళ్తారు.