దొరకని జవాబు కోసం వెతుకు

అమ్మలూ,

ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను.

మీ తాతయ్య ఏ ఉత్తరం రాసినా ఈ రెండు ముక్కలతోనే మొదలుపెట్టేవారు. నువ్వు కంప్యూటర్లో ఫొటోలు చూసి టైప్ చేస్తున్న ఉత్తరాలు రాసిన అమెరికా అంతర్యుద్ధపు సిపాయిలూ అంతే. "కలం చేతబట్టి నాలుగు ముక్కలు రాస్తున్నాను, నేను క్షేమం, మీరూ అలాగే ఉంటారని ఆశిస్తున్నాను." బానిసత్వం విషయంలో ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాలు 1861 నుంచి 1865 దాకా తలపడ్డ యుద్ధం అది. ఆ శిబిరాల నుంచి వెళ్ళిన లెక్కలేనన్ని ఉత్తరాలకు ఇదే మొదలు. మొన్న ఫోన్లో "అత్తా, మొదటి లైన్లన్నీ ఒకేలా ఉన్నాయి, గబగబా దాటేస్తున్నాను" అన్నావు. దాటేయకు. ప్రతిసారీ "క్షేమం" అని రాసేవాడు ఒకరోజు "ఫర్వాలేదు, ఒక మాదిరిగా ఉన్నాను" అన్నాడంటే జ్వరమో విరేచనాలో పట్టుకున్నాయేమో చూసుకోవాలి. ఆ యుద్ధంలో తూటాలకంటే జబ్బులతో పోయినవాళ్ళే ఎక్కువ. ఇంట్లో భార్య ఆ మొదటి లైనే ముందు చదివి ఉంటుంది.

నువ్వు పంపిన పేజీ చూశాను. మూడో లైన్లో టి, హెచ్, ఎ అని మూడక్షరాలున్నాయి. నువ్వు "ది" అనుకున్నావు, అందుకే వాక్యం కుదరలేదు. అది "దే", అంటే వాళ్ళు. బడికి పెద్దగా వెళ్ళనివాళ్ళు చెవికి వినపడ్డట్టే రాశారు. "తెలుసు" అనే అర్థమిచ్చే "నో"కి ముందు కె పెట్టరు. ఫుల్‌స్టాప్ ఉండదు, పెద్దక్షరం ఎక్కడ పడితే అక్కడ వస్తుంది. అలాంటి పేజీని కళ్ళతో చదివితే లొంగదు. గది తలుపేసుకుని పైకి చదువు. రెండోసారి చదివేసరికి మనిషి మాట్లాడుతున్నట్టే ఉంటుంది.

స్పెల్లింగ్ మాత్రం దిద్దకు. నేను లైబ్రరీలో పాత కాగితాల విభాగంలో చేరిన కొత్తలో ఒక కట్ట మొత్తం శుభ్రంగా దిద్ది ఇచ్చాను. మేలు చేశాననే అనుకున్నాను. తర్వాత అసలు కాగితం పక్కన పెట్టి చూసుకుంటే, నా కాపీలో ఆ పల్లెటూరి మనిషి యాస ఎక్కడా మిగల్లేదు. మూడు వారాలు కూర్చుని మళ్ళీ ఉన్నదున్నట్టు రాశాను.

తేదీల పక్కన "ఇన్‌స్ట్." అని కనిపిస్తే ఈ నెల అని, "అల్ట్." అంటే పోయిన నెల అని. "9వ తేదీ ఇన్‌స్ట్. నాటి నీ ఉత్తరం అందింది" అన్న వాక్యం కనిపించిన ప్రతిచోటా ఆ తేదీని నోట్‌బుక్‌లో రాసుకో. ఎందుకంటే ఇంటి నుంచి వచ్చిన ఆ ఉత్తరం నీకు దొరకదు. అది ఉండేదని చెప్పే సాక్ష్యం చాలాసార్లు ఈ వాక్యం ఒక్కటే.

ఎందుకు దొరకదో చూడు. సిపాయి రాసినవి ఇంట్లోవాళ్ళు పెట్టెలో దాచుకున్నారు. ఇంటి నుంచి వచ్చినవి సిపాయి ఎక్కడ దాచుకుంటాడు? ఉన్నది వీపు సంచి ఒక్కటే. అవి వానకు తడిసేవి, మైళ్ళ కొద్దీ నడకలో బరువయ్యేవి. తన భార్య మాటలు పరాయివాళ్ళ చేతిలో పడి నవ్వులపాలు కాకూడదని పోరుకు ముందు కాల్చేసినవాళ్ళూ ఉన్నారు. అందుకే నీ ముందున్నది సగం సంభాషణ. ఫోన్లో ఒకవైపు మాటలే వింటున్నట్టు.

నేను చేసిన పని చెప్తాను, నువ్వూ చెయ్యి. పేజీకి నడుమ గీత గియ్యి. ఎడమవైపు అతను రాసింది, కుడివైపు ఆమె ఏం రాసి ఉంటుందో. "పాపకు దగ్గు తగ్గిందా?" అని ఎడమవైపు ఉంటే, పాపకు దగ్గని ఆమె రాసిందన్నమాట. నేను చూసిన ఒక కట్టలో ఒక రైతు సెప్టెంబర్లో "ఆవును అమ్మకు, నేనొచ్చాక చూద్దాం" అంటాడు. అక్టోబర్లో "ఎంతొస్తుందో కనుక్కో" అంటాడు. నవంబర్లో "నువ్వు చేసింది సరైన పనే, ఆ డబ్బుతో అప్పు తీర్చేశావు కదా, మంచిది" అంటాడు. అంటే ఆమె అడగకుండానే అమ్మేసింది! అంతకుముందు ఆయన మాట లేనిదే కట్టెలు కూడా కొనని మనిషి. నవంబర్ ఉత్తరం నుంచి ఆయన రాసే తీరే మారిపోయింది, ఆజ్ఞలు పోయి సలహాలు వచ్చాయి. ఆమె రాసిన ఒక్క అక్షరం కూడా మిగల్లేదు. అయినా ఆ ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలిసింది.

ఉత్తరం మీద ప్రభుత్వ ముద్రో ఫైలు నంబరో ఉంటే కాసేపు ఆగు. 1862 జులైలో వచ్చిన పెన్షన్ చట్టం కింద చనిపోయిన సిపాయి భార్య పెళ్ళి రుజువు చెయ్యాలి. తల్లి అయితే కొడుకు సంపాదన మీద బతికానని చూపించాలి. ఉత్తరాది సైన్యంలో మామూలు తెల్ల సిపాయి జీతం యుద్ధంలో చాలాకాలం నెలకు 13 డాలర్లు. "అమ్మా, ఇందులో ఐదు డాలర్లు పెట్టాను" అని కొడుకు రాసిన ఉత్తరాన్ని అలాంటి తల్లి రుజువుగా పెన్షన్ ఆఫీసుకు ఇచ్చేసింది. కొడుకు చేతిరాత తన దగ్గరుంచుకోవాలో, తిండికి పెన్షన్ తెచ్చుకోవాలో తేల్చుకోవాల్సి వచ్చింది. ఆ కాగితాలు ఇవాళ్టికీ వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్ ఫైళ్ళలో ఉన్నాయి. అవి చూసిన రోజు నేను ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను.

దక్షిణాది ఉత్తరాలు వచ్చినప్పుడు రెండు సంగతులు గుర్తుంచుకో. అక్కడ కాగితం కరువు. వాడేసిన కవరును విప్పి తిరగేసి మళ్ళీ అంటించారు, గోడలకంటించే కాగితంతోనూ కవర్లు చేశారు. పేజీ నిండాక దాన్ని అడ్డంగా తిప్పి, రాసిన లైన్ల మీదుగానే మళ్ళీ రాశారు. అది కొట్టివేత అనుకోకు, ఫొటో తిప్పి చూడు. రెండోది, ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య మామూలు తపాలా 1861లోనే ఆగిపోయింది. తెల్లజెండా కింద చేతులు మారే ఉత్తరాలు ఒక పేజీ మించకూడదు, కవరు అంటించకూడదు, రెండు వైపులా చదివేవాళ్ళుంటారు. అలాంటి ఉత్తరం పొడిపొడిగా ఉందని ప్రేమ లేదనుకోవద్దు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. పిల్లల్ని ముద్దాడుతూ రాసిన దక్షిణాది ఉత్తరంలోనే, అదే చేత్తో, పొలంలో బానిసలు ఏ పని చెయ్యాలో పురమాయింపులుంటాయి. ఆప్యాయత చూసి ఆ లైన్లు మింగేయకు. అవీ ఉన్నదున్నట్టు టైప్ చెయ్యి. వాటి పక్కన స్పాట్స్‌వుడ్ రైస్ ఉత్తరం పెట్టుకుని చదువు. బానిసత్వం నుంచి బయటపడి ఉత్తరాది సైన్యంలో చేరినవాడు. 1864 సెప్టెంబర్ 3న సెయింట్ లూయిస్ సైనిక ఆసుపత్రి నుంచి, ఇంకా బానిసలుగానే ఉన్న తన పిల్లలకు, మిమ్మల్ని తీసుకెళ్ళడానికి వస్తున్నానని రాశాడు. బిడ్డను పట్టి ఉంచుకున్న యజమానురాలికి విడిగా రాసి, నా బిడ్డను ఇవ్వకపోతే నరకానికి పోతావని నిలదీశాడు. యజమానురాలి తరఫువాళ్ళు ఫిర్యాదు చేస్తూ వాటిని సైన్యానికి పంపబట్టే అవి మిగిలాయి.

ఉత్తరాది సైన్యంలో మేజర్ సలివన్ బలూ భార్యకు రాసిన ఉత్తరం నీకు ఎవరో ఒకరు పంపుతారు. గొప్ప ఉత్తరమే. 1861 జులై 14న రాశాడు, ఆ నెల దాటకుండానే బుల్ రన్ యుద్ధంలో తగిలిన గాయాలతో పోయాడు. అది చదివాక ఆవులూ అప్పులూ మేజోళ్ళూ ఉన్న ఉత్తరాలు నీకు చప్పగా అనిపిస్తాయి. నా మాట విని మేజోళ్ళ వైపే ఉండు. నీ పని అక్కడే ఉంది.

చేతిరాత హఠాత్తుగా మారితే కొంచెం నెమ్మదించు. ఆసుపత్రిలో చెయ్యి లేవనివాళ్ళ కోసం వేరేవాళ్ళు రాసిపెట్టేవారు. కవి వాల్ట్ విట్‌మన్ వాషింగ్టన్ ఆసుపత్రుల్లో మంచాల పక్కన కూర్చుని అలా ఎన్నో రాశాడు. లేదా అది, అతను పోయాడని స్నేహితుడు రాసిన కబురు కావచ్చు. అలాంటి రోజు ఇంకో పేజీ తెరవకు, కాసేపు బయట తిరిగి రా. యుద్ధం ముగిశాక తప్పిపోయినవాళ్ళ జాడ కోసం, యుద్ధంలో గాయపడ్డవాళ్ళకు సేవ చేసిన క్లారా బార్టన్ నడిపిన ఆఫీసుకు 63 వేలకు పైగా ఉత్తరాలు వచ్చాయి. ఆఖరి ఉత్తరం అందక ఎదురుచూసిన ఇళ్ళు అవన్నీ.

మూడో లైను సరిచేసి పంపు. నాలుగో పేజీ ఎడమ అంచున పెన్సిల్‌తో ఏదో వంకరగా ఉంది. చిన్నపిల్లల వేళ్ళు కాగితం మీద పెట్టి చుట్టూ గీసినట్టు నాకనిపిస్తోంది. ఆ అంచు వరకు పెద్దది చేసి పంపగలవా?

నీ అత్త