ముసలి కుక్కకి ఉన్నట్టుండి నొప్పి వస్తే ఇంట్లో ఉన్న మాత్ర వేయొచ్చా?

పొందూరు నుంచి మీరు రాసింది చదివాను. పదకొండేళ్ల లాబ్రడార్, పొద్దున్నుంచి లేవబోతే అరుస్తోంది, అన్నం ముట్టలేదు, ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర సగం వేసి రేపటిదాకా చూడొచ్చా అని అడిగారు. దయచేసి వేయకండి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కుక్కలకి కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలు పాడుచేస్తాయి. పారాసెటమాల్ మోతాదు మించితే లివర్ దెబ్బతింటుంది. పైగా అలాంటి మందు ఒంట్లో ఉండగా డాక్టరు తాను ఇవ్వాల్సిన మందు వెంటనే ఇవ్వలేరు. మీరు ఉపశమనం అనుకుని వేసిందే దాని ఉపశమనానికి అడ్డం పడుతుంది.

ఆగొచ్చా లేదా అన్నది కొన్ని గుర్తుల్ని బట్టి ఉంటుంది. వెనక కాళ్లు ఈడుస్తున్నా, మూత్రం పోయలేకపోతున్నా, చిగుళ్లు తెల్లగా పాలిపోయినా ఈ రాత్రి కూడా ఆగకూడదు. పొట్ట బిగిసి ఉబ్బి, వాంతి రాకుండా ఊరికే వోకరిస్తుంటే గంటలు కూడా ఆగకూడదు, కడుపు మెలిపడి ఉండొచ్చు. ఇవేవీ లేకపోయినా, అన్నం మానేసేంత నొప్పి అంటే ఈ రోజే చూపించాల్సిన నొప్పి.

మాది చీపురుపల్లి. మా చిట్టికి కూడా ముసలితనంలోనే ఇలా వచ్చింది. అరుగు మీంచి దిగబోయి కెవ్వుమంది. నడుము విల్లులా వంచి, తోక ముడుచుకుని గోడవారన నిలబడిపోయింది. నెత్తళ్లు వేయిస్తుంటే వంటింటి గుమ్మం వదలని కుక్క, ఆ వాసనకి తల కూడా తిప్పలేదు. వీధిలో అందరూ "ముసల్దయిపోనాది, ఇంకేటి చేస్తారు" అన్నారు. నాకు ఆ మాట ఇప్పటికీ మింగుడు పడదు. వయసు నొప్పి కాదు. నొప్పికి ఏదో కారణం ఉంటుంది, చాలాసార్లు దానికి మందూ ఉంటుంది.

గరివిడి వెటర్నరీ కాలేజీకి తీసుకెళ్లాం. దుప్పటి మడతేసి దాని మీద పడుకోబెట్టి, నాన్న తల వైపు, నేను తోక వైపు పట్టుకుని ఆటో ఎక్కించాం. చంకల కింద చేతులేసి ఎత్తితే వెన్ను మెలిపడుతుంది. ఎంత మంచి కుక్కయినా నొప్పిలో కరుస్తుంది కాబట్టి మూతికి చున్నీ వదులుగా చుట్టాం. వాంతులు అవుతున్నా, బాగా రొప్పుతున్నా మాత్రం మూతి కట్టకండి.

డాక్టరుగారు మెడ దగ్గర మొదలుపెట్టి రెండు బొటనవేళ్లతో వెన్ను వెంట మెల్లగా నొక్కుతూ వచ్చారు. పక్కటెముకలు అయిపోయిన చోట చర్మం అదిరింది, చిట్టి మూతి నాక్కుంటూ ఆయన చేతి వైపు తిరిగింది. తర్వాత వెనక పాదం మడిచి నేలకి ఆనించారు, అది వెంటనే సరిచేసుకుంది. నరాలు పని చేస్తున్నాయి అన్నారు. అప్పటికి గాని నా టెన్షన్ తగ్గలేదు. ఎక్స్‌రేలో వెన్నుపూసల మధ్య ఎముక పెరిగి ఉంది. రక్తపరీక్షలో కిడ్నీలు బాగున్నాయని చూశాకే బరువును బట్టి మెలాక్సికమ్ అనే నొప్పి మందు రాశారు, అన్నం తిన్నాకే వేయమన్నారు.

అసలు కష్టం ఆ తర్వాత. మందు పడగానే నొప్పి తగ్గి పరిగెత్తాలని చూస్తుంది. కొన్ని వారాలు మెట్లు, గెంతులు వద్దన్నారు, మూత్రానికి తప్ప బయటికి తేలేదు. టైల్స్ మీద కాళ్లు జారకుండా ఇల్లంతా గోనె సంచులు పరిచాం. ఆ సంచులు ఇప్పటికీ తీయలేదు.

మీ వాడిది కూడా వెన్నే అని నేను చెప్పలేను. మన వైపు గోమార్లు పట్టి వచ్చే జ్వరంలోనూ కీళ్లు పట్టేస్తాయి, దానికి మందే వేరు. అందుకే లేచేటప్పుడు ఎలా అరుస్తోందో ఫోన్‌లో వీడియో తీసి తీసుకెళ్లండి. ఆస్పత్రిలో భయానికి చాలా కుక్కలు నొప్పి బయటపెట్టవు. ఇదివరకే ఏ మందైనా వేసి ఉంటే ఆ స్ట్రిప్ కూడా చూపించండి. బయల్దేరేముందు ఎక్స్‌రే ఉందో లేదో ఫోన్ చేసి అడగండి.

ముందు ఒకసారి చూసి, మూత్రం పోసిందా, వెనక కాళ్ల మీద నిలబడుతోందా ఇక్కడ రాయండి.