‘రెండుసార్లే వాడాను’ అన్నాడు, మొదటి వానకే టెంట్ కారింది

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. ఫోన్‌లో ప్రకటన చూసి విశాఖపట్నంలో ఒకాయన దగ్గర పాత టెంట్ 9,500 రూపాయలకు కొన్నాను. ‘రెండుసార్లే వాడాను, చుక్క నీరు లోపలికి రాదు’ అని వాట్సాప్‌లో రాశాడు. పార్సిల్ వచ్చిన వారానికి దేవమాలి కొండ మీద వేసుకుంటే, రాత్రి వానకి కుట్ల మీది టేప్ ఊడిపోయి లోపలంతా తడిసింది. అడిగితే ‘సెకండ్ హ్యాండ్ కదా, వాపసు లేదు’ అంటున్నాడు. నాకేమైనా హక్కుందా? నా దగ్గరున్న పాత కొండలెక్కే తాడు కూడా అమ్మేద్దామనుకుంటున్నాను, చిక్కేమైనా ఉందా?

జవాబు: హక్కుంది. సెకండ్ హ్యాండ్ అన్న మాట వినగానే చాలామంది వదిలేసుకుంటారు, మీరు వదలకండి.

పాత సరుకు బాగోగులు కొనేవాడే చూసుకోవాలన్నది మామూలు సూత్రం. కానీ మీరు టెంట్‌ను కళ్లారా చూసి కొనలేదు, ఆయన రాసింది నమ్మి కొన్నారు. అలా కొన్నప్పుడు వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలని 1930 నాటి వస్తు విక్రయ చట్టం 15వ సెక్షన్ చెబుతోంది, అమ్మినవాడు వ్యాపారి కాకపోయినా సరే. ఇక ‘వాపసు లేదు’ అని ఎప్పుడు రాశాడో చాట్‌లో చూడండి. డబ్బు పంపకముందే రాసి, మీరు సరేనని ఉంటే ఆయన వాదనకు కొంత బలం ఉంటుంది. మీరు నిలదీశాక రాసిందైతే అది మీ ఒప్పందంలో భాగమే కాదు.

టెంట్‌కి గమ్ పూయడం, కొత్త టేప్ అంటించడం లాంటివి ఇప్పుడే చేయకండి. తగినంత సమయం దాటినా ఊరుకుంటే, లేదా సొంత వస్తువులా బాగుచేసుకుంటే, మీరు దాన్ని ఒప్పుకున్నట్టే లెక్క. అప్పుడు నష్టపరిహారం అడగొచ్చు గానీ టెంట్ వద్దని తిప్పి ఇచ్చేయలేరు. ఒక రాత్రి వాడారు కాబట్టి ఒప్పుకున్నట్టేనని ఆయన వాదించొచ్చు, కానీ టెంట్ కారేదీ లేనిదీ వాన పడితేనే కదా తెలిసేది! అందుకే ఈరోజే ‘మీరు చెప్పినట్టు లేదు, నేను ఒప్పుకోవడం లేదు, నా డబ్బు పంపండి’ అని రాయండి. మీ ఖర్చుతో వెనక్కి పంపాల్సిన పని లేదు, ఒప్పుకోవడం లేదని తెలియజేస్తే చాలని 43వ సెక్షన్. టెంట్ మాత్రం జాగ్రత్తగా దాచండి.

చాట్, ప్రకటన ఫొటోలు, యూపీఐ రసీదు, పార్సిల్ చీటీ, నీళ్లు పోస్తే ఎక్కడ కారుతోందో చూపే వీడియో అన్నీ పెట్టుకోండి. ఆ ఫోన్ మార్చొద్దు, చాట్ చెరపొద్దు, ఎందుకంటే చాట్‌ను కోర్టులో ఇవ్వాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ (కొత్త సాక్ష్య చట్టం) 63వ సెక్షన్ కింద, అది ఆ ఫోన్‌లోదేనని ధ్రువపత్రం కావాలి. మన వైపు ఇంకో చిక్కుంది: చాట్ తెలుగులో ఉంటుంది, ఒడిశా కోర్టులో దాన్ని ఇంగ్లీషులోకో ఒడియాలోకో మార్చి పెట్టాలి. ఆ పని ముందే చేయించుకోండి.

తర్వాత 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ఆయన ప్రొఫైల్‌లో ఇంకా చాలా టెంట్లు అమ్మకానికి ఉంటే ఆయన వ్యాపారే, రెండేళ్లలోపు మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు, 5 లక్షల వరకు ఫీజు లేదు. మామూలు మనిషైతే సివిల్ కోర్టు, మూడేళ్ల గడువు. కానీ 9,500 కోసం వాయిదాల చుట్టూ తిరగమని నేను చెప్పను, నోటీసు అందాక ఐదారు వేలకు దిగొస్తే తీసుకుని రాజీ పడండి. పోలీసు కేసంటారా, టెంట్ కారుతుందని తెలిసే అలా రాశాడని చూపగలిగితేనే మోసం కింద నిలబడుతుంది.

తాడు సంగతి వేరు, దాని మీద ఒక మనిషి ప్రాణం వేలాడుతుంది. అసలు వాడకపోయినా పదేళ్లు దాటితే పక్కన పెట్టేయమని చాలా కంపెనీలు చెబుతాయి. దాని వయసు, దాంతో ఎక్కుతూ ఎవరైనా గట్టిగా జారిపడిన సంగతి దాచి అమ్మితే కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ కింద మోసమవుతుంది. తెగి ఎవరైనా చనిపోతే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 106వ సెక్షన్ కింద నిర్లక్ష్యం కేసు మీ మీదికి రావచ్చు. ఎప్పుడు కొన్నారో మీకే గుర్తు లేకపోతే ఎంత ధర వచ్చినా అమ్మకండి, ఇంకెవరూ దాంతో ఎక్కే వీలు లేకుండా ముక్కలుగా కోసేయండి.