నాలుగు కోట్ల అంకెల ప్రధాన సంఖ్య వల్ల ఎవరికేం లాభం?

ప్రధాన సంఖ్య అంటే ఒకటీ, తనూ తప్ప ఇంకేదీ శేషం లేకుండా భాగించలేనిది. 2024 అక్టోబరులో దొరికినదాని గురించే కదా మీరు అడుగుతున్నది? 13,62,79,841 రెండ్లను వరసగా గుణించి ఒకటి తీసేస్తే వచ్చేది. అంకెలు 4 కోట్ల 10 లక్షల పైచిలుకు. లాభమా, ఏమీ లేదు. రహస్య సంకేతాలకు మూడొందల అంకెలవే చాలు. నన్నడిగితే చేత్తో తేల్చుకోగలిగినదే పెద్ద ప్రధాన సంఖ్య. అలాంటిదొకటి నా వేసవి సెలవుల్ని మింగేసింది: 2147483647. ముప్పై ఒక్క రెండ్లు గుణించి ఒకటి తీసేస్తే ఇది వస్తుంది.

మాది ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు దగ్గరున్న పర్లాకిమిడి. నాన్న రైసుమిల్లులో గుమస్తా. నా చదువు ఒడియా మీడియం, బళ్ళో 'మౌళిక సంఖ్య' అనేవారు. సాయంత్రం తెలుగాయన దగ్గర ట్యూషన్, అక్కడ 'ప్రధాన సంఖ్య'. రెండూ ఒకటేనని తెలియడానికి నాకు ఆరు నెలలు పట్టింది. ఇప్పుడు మా వీధి పిల్లలకు ఆ గొడవే లేదు, రెండు మాటలూ రావు.

పదో తరగతి పరీక్షలయ్యాక ఆ ట్యూషన్ మేష్టారు ఆ సంఖ్య బోర్డు మీద రాసి, "దీన్ని శేషం లేకుండా భాగించేది పట్టుకురా, నా సైకిల్ నీదే" అన్నారు.

నాన్న తెచ్చిన పాత చిట్టా పుస్తకంలో ఖాళీ పేజీలు చూసి మొదలుపెట్టాను. 7తో భాగిస్తే 1 మిగిలింది. 11తో 1. 31తోనూ అదే 1. వెక్కిరిస్తున్నట్టుండేది. కరెంటు పోతే లాంతరు. వెయ్యిలోపు ప్రధాన సంఖ్యలు 168, అవన్నీ అయ్యేసరికి మూడు వారాలు. ఈలోగా షావుకారుకి ఏదో పాత పద్దు కావాల్సొచ్చి ఆ పుస్తకం తెప్పించుకున్నాడు. "ఏటిది? ఈ రెండొందల పద్నాలుగు కోట్లు ఎవడి బాకీ?" అని నాన్నని నిలదీశాడట. ఇంటికొచ్చి నాన్న నాకు చేసిన పూజ ఇక్కడ రాయను.

మేష్టారు మాత్రం తాపీగా, "గుణించిన రెండ్లు 31 కదా, దానికి రెండింతలు 62. దీనికి భాజకమంటూ ఉంటే అది 62 గుణిజం కంటే ఒకటి ఎక్కువే అవ్వాలి" అన్నారు. ఆ లెక్కన నా 168లో పనికొచ్చినవి మూడే: 311, 373, 683. మిగతా 165 భాగహారాలూ దండగ! ఆ ముక్క మొదటిరోజే చెబితే ఏం పోయేది? వర్గమూలం 46,340 దాటి కొంచెమే కాబట్టి అంతవరకు వెతికితే చాలట. గణితవేత్త ఆయిలర్ ఇలాంటి వడపోతతోనే 1772లో, చూపు దాదాపు పోయాక, ఇది ప్రధాన సంఖ్యేనని తేల్చాడు. అంటే సైకిల్ ఇవ్వక్కర్లేదని మేష్టారికి ముందే తెలుసు.

మొన్న సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మా అబ్బాయి ఫోన్ చేసి, 1970 నుంచి సెకన్లు లెక్కపెట్టే 32 బిట్ల పాత కంప్యూటర్లు 2038 జనవరి 19న ఒక సంఖ్య దాకా వచ్చి ఆపై లెక్క తప్పుతాయని చెబుతున్నాడు. "ఇరవై ఒకటి, నలభై ఏడు..." అన్నాడో లేదో, మిగతా అంకెలు నేనే చెప్పేశాను. 311తో భాగిస్తే 35 మిగులుతుందని కూడా.