ఉబ్బసం ఉన్న బాబును ఇండోర్ వాటర్ పార్కుకు తీసుకెళ్లవచ్చా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా కావలి. వేసవి సెలవుల్లో చెన్నైలోని బంధువుల ఇంటికి వెళ్లి, అందరం ఒక రోజు ఇండోర్ వాటర్ పార్కులో గడపాలనుకుంటున్నాం. ఎండ తగలదని దాన్ని ఎంచుకున్నాం. బాబుకు 9 ఏళ్లు, ఉబ్బసం ఉంది, రోజూ ఇన్‌హేలర్ వాడుతున్నాడు. తుమ్మలపెంట బీచ్‌లో ఎంతసేపు ఆడినా వాడికి ఏమీ కాలేదు. 3 ఏళ్ల పాపకు విరేచనాలు తగ్గి నాలుగు రోజులైంది. మా అత్తగారికి షుగరు ఉంది, అరికాళ్లు తిమ్మిరిగా ఉంటాయంటారు. వచ్చే ఆదివారం వెళ్లవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: వచ్చే ఆదివారం వద్దమ్మా. కారణం బాబు కాదు, పాప. పిల్లల్లో నీళ్ల విరేచనాలు కలిగించే క్రిప్టోస్పోరీడియం అనే పరాన్నజీవి ఒకటుంది. సరిపడా క్లోరిన్ కలిపిన నీటిలో కూడా అది వారం రోజులకు పైగా బతుకుతుంది. విరేచనాలు ఆగిన తర్వాతా కొన్నాళ్లపాటు మలంలో బయటికి వస్తూనే ఉంటుంది. పాపకు వచ్చింది అదేనని నేను అనడం లేదు. పరీక్ష చేయించలేదు కాబట్టి, విరేచనాలు పూర్తిగా ఆగాక 2 వారాలు గడిచేవరకు కొలనులో దించకండి. ఈతకు వేసే డైపర్ దీన్ని ఆపలేదు. అక్కడ ఆ నీళ్లు మింగేది ఇంకొకరి పిల్లలు కదా.

ఇక బాబు సంగతి. బీచ్‌లో ఏమీ కాలేదన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. ఒంటి చెమట, మూత్రం క్లోరిన్‌తో కలిస్తే క్లోరమిన్లు అనే రసాయనాలు తయారవుతాయి. వాటిలో ట్రైక్లోరమిన్ నీటిలో నిలవకుండా ఆవిరై గాలిలో కలుస్తుంది. ఆరుబయట అయితే గాలికి చెదిరిపోతుంది. పైకప్పు కింద, గాలి సరిగా మారని చోట నీటి మట్టానికి కాస్త పైన, అంటే ఈదే పిల్లవాడి ముక్కు ఉండే చోటే పేరుకుంటుంది. కళ్లు మండటం, దగ్గు, ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం ఎక్కువగా దీనివల్లే వస్తాయి. ఘాటైన వాసన వస్తే మందు బాగా వేశారని, నీళ్లు శుభ్రంగా ఉన్నాయని చాలామంది సంతోషిస్తారు. నిజానికి చక్కగా నిర్వహించే కొలను దగ్గర అంత ఘాటు ఉండదు. లోపలికి అడుగుపెట్టగానే మీ కళ్లు మండినా, గొంతు గరగరలాడినా టికెట్ డబ్బులు పోయాయని చూడకుండా వెనక్కి వచ్చేయండి. వీలైతే జనం తక్కువగా ఉండే రోజున, ఉదయాన్నే వెళ్లండి. దిగే ముందు అందరూ ఒక నిమిషమైనా షవర్ కింద ఒళ్లు రుద్దుకోవాలి. గంటకోసారి పిల్లలను బాత్రూముకు పంపాలి. మీ ఒక్క కుటుంబం ఇలా చేసినా ఆ గాలికి మేలే.

బయలుదేరే ముందు గత నాలుగు వారాలు ఒకసారి గుర్తు చేసుకోండి. బాబు రాత్రిళ్లు దగ్గుతో లేచాడా? ఉపశమనం కోసం వాడే ఇన్‌హేలర్ వారానికి రెండుసార్ల కంటే ఎక్కువ అవసరమైందా? అవునంటే ఉబ్బసం అదుపులో లేనట్టే. ముందు మీ డాక్టరుకు చూపించి, ఆ తర్వాతే ప్రయాణం. అదుపులో ఉంటే వెళ్లవచ్చు. రోజూ వాడే మందు ఆ రోజు కూడా మానకూడదు. ఉపశమన ఇన్‌హేలర్, స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) లాకర్‌లో కాకుండా ఒడ్డున కూర్చున్న పెద్దవారి చేతిలో ఉండాలి. ఆటకు ముందు కూడా పీల్చాలా అన్నది మీ డాక్టరునే అడగండి. దగ్గు, పిల్లికూతలు మొదలైతే నీళ్లలోంచి తీయడంతో సరిపెట్టకండి, హాలు బయటికి తీసుకొచ్చి కూర్చోబెట్టి మందు ఇవ్వండి. మాట పూర్తిగా పలకలేకపోయినా, డొక్కలు ఎగరేస్తున్నా, పెదవులు నీలిరంగుకు తిరిగినా వెంటనే 108కి ఫోన్ చేయండి. తమిళనాడులోనూ అదే నంబరు.

అత్తగారి విషయంలో నా భయం నీళ్ల గురించి కాదు, అరికాళ్ల గురించి. తిమ్మిరి ఉన్న పాదానికి గీసుకున్నా, కాలినా తెలియదు. లోపల జారని రబ్బరు చెప్పులు అనుమతిస్తారో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. బయట కాలుతున్న గచ్చు మీద ఒక్క అడుగు కూడా వట్టి కాళ్లతో వేయనివ్వకండి. సాయంత్రం వేళ్ల సందులు తుడిచి, అరికాళ్లు మీరే స్వయంగా చూడండి. మధ్యాహ్నం భోజనం ఆలస్యమైతే షుగరు పడిపోవచ్చు కాబట్టి గ్లూకోజు దగ్గర ఉంచుకోండి. ఇన్సులిన్ వాడుతుంటే ఎండలో నిలిపిన కారులో వదిలేయకండి.

లైఫ్‌గార్డు ఉన్నాడు కదా అని పాపను వదిలేయకండి. మునిగే పసిపిల్లలు తరచుగా కేక కూడా వేయలేరు. పాప నీళ్లలో ఉన్నంతసేపూ ఒక పెద్దవారు చేయి చాస్తే అందే దూరంలో, ఫోను పక్కన పెట్టి ఉండాలి. గాలి ఊదిన ట్యూబులను నమ్మకండి, లైఫ్ జాకెట్ అడిగి తీసుకోండి.

తిరిగి వచ్చాక రెండు వారాల లోపు ఎవరికైనా నీళ్ల విరేచనాలు మొదలై రెండు మూడు రోజులైనా తగ్గకపోతే, వాటర్ పార్కుకు వెళ్లిన సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి. మామూలు మల పరీక్షలో క్రిప్టోస్పోరీడియం కోసం ప్రత్యేకంగా చూడకపోవచ్చు. అడిగి చేయించాలి.